పదకొండేళ్ళ అనుభవం

మంచాన పడ్డవాళ్ళని చూసుకోవడానికి ఇళ్ళకి మనుషుల్ని పంపే ఆఫీసు అది. బయట బెంచీ మీద భార్యాభర్తలు తమ వంతు కోసం కూర్చున్నారు. ఆమె ఒళ్ళో దరఖాస్తు ఉంది.

“అందుకే చెప్తున్నా, లోపల ఆవిడ ఏమడిగినా నువ్వు నోరు విప్పకు. నేను మాట్లాడతా.”

“ఉద్యోగం నాకా, మీకా?”

“నీకే. అందుకే నేను మాట్లాడాలి. నీకు పదిమందిలో మాట్లాడ్డం రాదు.”

“లోపల ఒక్కావిడే ఉందండీ.”

“ఆ ఒక్కావిడ ముందు కూడా రాదు.”

“సరే.”

“త్వరగా తెమలాలి కూడా. నాలుగింటికి ఇల్లు కొనేవాళ్ళు అడ్వాన్సు పట్టుకుని వస్తున్నారు.”

“ఇంకోసారి ఆలోచించకూడదా అంటున్నా.”

“మళ్ళీ మొదలెట్టావా.”

“మొదలెట్టడం కాదండీ. ఉన్నది ఒక్క ఇల్లు. అది అమ్మి ఆ టైల్స్ ఆయన వ్యాపారంలో పెడితే...”

“టైల్స్ ఆయన వ్యాపారం కాదు. మా ఇద్దరిదీ. చెరిసగం.”

“ఇల్లు మొత్తం పోతుంది. వ్యాపారం మాత్రం సగమే వస్తుంది.”

“నీకు వ్యాపారం అర్థం కాదు.”

“నిజమే. ఆయనకి బాగా అర్థమవుతుంది. ఇంతకుముందు ఫ్యాన్ల షాపు మూసేశాడు, ఆ తర్వాత నీళ్ళ ప్లాంటు మూసేశాడు. అనుభవం ఉన్న మనిషి.”

“వెటకారమా?”

“వెటకారం నాకెక్కడ వస్తుందండీ, మాట్లాడ్డమే రానిదాన్ని.”

“చూడు, నేను అన్నీ ఆలోచించే చేస్తున్నా. ఇల్లమ్మిన డబ్బు షాపులోకి. మనం అద్దింట్లోకి. అద్దె నీ జీతంలోంచి. ఇంట్లో ఊరికే కూర్చుంటావు కదా, నీకూ కాలక్షేపం. ఎవరికీ నష్టం లేదు.”

“ఎంతమందిని ఆలోచించారండీ. మీరు, టైల్స్ ఆయన, అద్దింటి ఓనరు.”

“అసలు నీ బాధేంటి?”

“పదకొండేళ్ళు ఆ ఇంట్లో నేల మీద పడుకున్నా. ఆ నేలైనా ఉంటుందనుకున్నా.”

“నేల ఏ ఇంట్లోనైనా ఉంటుంది.”

“అదీ నిజమే.”

“నాది నేను అమ్ముకుంటున్నా. మా అమ్మ నాకిచ్చిన ఇల్లు.”

“మీకని అత్తయ్య వీలునామా రాయలేదండీ. నన్ను కడదాకా చూసుకున్నవాళ్ళకి ఈ ఇల్లు చెందాలి అని రాయించారు.”

“చూసుకున్నది కొడుకు కాక ఇంకెవరు? నేనే చూసుకున్నానని చెల్లెలు కూడా సంతకం పెట్టింది. వచ్చేవారం కాగితాలు నా పేరు మీదకి మారతాయి. అయిపోయింది.”

“పేరే రాయించి ఉంటే ఇంకా సుళువుగా అయిపోయేది. ఎందుకు రాయించలేదో.”

“అవసరం ఏముంది? ఉన్నది ఒక్క కొడుకు.”

“కోడలూ ఒక్కతేలెండి.”

“ఏంటి?”

“ఏం లేదు. అత్తయ్య ఆ మాట చెప్పి రాయిస్తున్నప్పుడు మీరు పక్కనే నిలబడి ఉన్నారు కదా, అది గుర్తొచ్చింది.”

“నిలబడ్డాను. కన్నతల్లి మాట వినాలి కదా.”

“విన్నారు. పదకొండేళ్ళలో అంతసేపు ఆ గదిలో నిలబడటం అదొక్కసారే.”

“నీతో మాటలనవసరం. ఆ దరఖాస్తు ఇలా ఇవ్వు. మొత్తం నింపావా?”

“అనుభవం అన్న గడి వదిలేశా.”

“మంచి పని చేశావు. లేనిపోనివి రాయకూడదు.”

“నిన్న బజార్లో ఒకావిడ కనపడింది. రెడీమేడ్ బట్టల కంపెనీలో నాతోపాటు చెకింగ్ చేసేది. ఆవిడ మానలేదు. ఇప్పుడు నెలనెలా పెన్షను, పైన రెండు గదులు వేయించుకుంటోందట. నువ్వేం చేస్తున్నావు అనడిగింది.”

“ఏమన్నావు?”

“ఏమీ చేయట్లేదు అన్నా. మీరందరికీ చెప్పే జవాబే.”

“పిలుస్తున్నారు. పద. నోరు విప్పకు.”

లోపల బల్లకి అటువైపు ఆఫీసు మేడమ్. ఆమె ముందు కంప్యూటరు, వెనక గోడకి జీతాల బోర్డు.

“కూర్చోండి. పని ఎవరికి?”

“మా ఆవిడకండీ. ఇంట్లో ఖాళీగా ఉంటుంది. ఏదో కాలక్షేపానికి...”

“కాలక్షేపానికైతే ఇక్కడ పని లేదు సార్. పన్నెండు గంటల డ్యూటీ.”

“అంటే, కాలక్షేపం అంటే కష్టపడుతుందండీ. అలవాటే.”

“దేనికి అలవాటు?”

“ఇంటిపనికి. మామూలుగా ఆడవాళ్ళు చేసేదే.”

“అమ్మా, అనుభవం అన్నచోట ఖాళీగా వదిలేశారేం?”

“ఏం రాయాలో తెలియక మేడమ్.”

“నేను చెప్తానుండండి. రాయడానికేం లేదు మేడమ్. ఎప్పుడో బట్టల కంపెనీలో చేసేది. మా అమ్మ మంచాన పడగానే మానేసింది. అప్పట్నుంచీ ఖాళీయే.”

“మీ అమ్మగారు ఎన్నాళ్ళున్నారు మంచంలో?”

“పదకొండేళ్ళు. పక్షవాతం.”

“ఎవరు చూసుకున్నారు?”

“ఇంట్లోవాళ్ళమే.”

“ఇంట్లో ఎంతమంది?”

“ఇద్దరం.”

“మీరేం చేసేవారు సార్?”

“పెయింట్ల షాపులో సేల్స్. పొద్దున తొమ్మిదికి వెళ్తే రాత్రి తొమ్మిదికి రావడం.”

“అయితే ఆ ఖాళీగా ఉన్నావిడే చూసుకున్నారన్నమాట.”

“ఏదో సాయం చేసేది.”

“ఎవరికి?”

“నాకు.”

“మీరు షాపులో ఉంటే, ఆవిడ ఇంట్లో మీకు సాయం.”

“ఆ. అలా అనుకోండి.”

“అనుకోవడానికి కొంచెం కష్టంగా ఉంది. పోనీలెండి. మా దగ్గర మూడు గ్రేడులు సార్. అనుభవం లేకపోతే మూడో గ్రేడు. ఐదేళ్ళలోపైతే రెండో గ్రేడు. ఐదేళ్ళు దాటి, కదల్లేని మనిషిని పూర్తిగా చూసుకున్నవాళ్ళకి మొదటి గ్రేడు. ఈవిడ గడి ఖాళీ కాబట్టి మూడో గ్రేడు వేస్తాను.”

“దానికి జీతం ఎంత?”

“వెనక బోర్డు మీద ఉంది, చూడండి.”

“ఇది అద్దెకి చాలదే.”

“ఏంటి సార్?”

“ఏం లేదు. మరి ఆ పైన ఉన్నది?”

“అది మొదటి గ్రేడు. మూడోదానికి రెండున్నర రెట్లు.”

“మేడమ్, ఇందాక సాయం అన్నానుగానీ, మా ఆవిడ బాగానే చూసుకుందండీ.”

“బాగా అంటే?”

“చాలా బాగా.”

“నోటిమాట చాలదు. ఎవరింట్లో చేస్తే ఆ ఇంటి పెద్ద అనుభవం కాగితం ఇవ్వాలి. ఎన్నేళ్ళు, ఏమేం పనులు, రోజుకెన్ని గంటలు, అన్నీ రాసి సంతకం పెట్టాలి.”

“ఇంటి పెద్దని నేనేగా.”

“అయితే మీరే ఇవ్వచ్చు. ఇంతకుముందు ఎవరికైనా ఇచ్చారా?”

“ఒకమ్మాయికిచ్చాను. మా ఆవిడకి ఆపరేషనైనప్పుడు మా అమ్మ కోసం పదిరోజులు పెట్టాం.”

“తొమ్మిదండీ. పదో రోజుకి నేనే వచ్చేశా.”

“నిన్ను మాట్లాడొద్దన్నానా.”

“ఉండండి సార్. ఆ అమ్మాయి పొడుగ్గా, చెంప మీద మచ్చతో ఉంటుందా?”

“అవునండీ. మీకెలా తెలుసు?”

“మీ కాగితం పట్టుకునే మా దగ్గర చేరింది. గొప్ప ఓర్పు, అంకితభావం ఉన్న మనిషి అని రాశారు. ఇప్పుడామె మా సూపర్‌వైజరు. అమ్మా, మీరు చేరితే ఆమె కిందే.”

“మంచిదండీ. అత్తయ్యని పక్కకి ఎలా తిప్పాలో ఆ అమ్మాయికి నేనే చెప్పా. ఆస్పత్రి మంచం మీంచి, ఫోన్లో.”

“తొమ్మిది రోజులకి ఓర్పు, అంకితభావం రాశారు. పదకొండేళ్ళకి ఏం రాస్తారో చూద్దాం. కానివ్వండి సార్.”

“నేను చెప్తాను, మీరు టైపు చేయండి. నా చేతిరాత అంత బాగోదు.”

“చెప్పండి. ఏమేం పనులు చేసేవారు?”

“అన్నం పెట్టేది. మాత్రలిచ్చేది. పక్క మార్చేది.”

“అది మూడో గ్రేడే.”

“స్నానం చేయించేది.”

“బాత్రూంలోనా, మంచం మీదా?”

“ఏమే, బాత్రూంలోనా?”

“మొదటి రెండేళ్ళు కుర్చీలో కూర్చోబెట్టి బాత్రూంలో. తర్వాత మంచం మీదే, తడిగుడ్డతో.”

“మీకు తెలియదా సార్?”

“తెలుసు. తనకి గుర్తుందో లేదో అని అడిగా.”

“వీపు మీద పుండ్లు పడ్డాయా?”

“ఒక్కటి పడలేదు మేడమ్. అది రాయండి. ఇన్నేళ్ళు మంచంలో ఉండి ఒళ్ళు ఇంత శుభ్రంగా ఉన్న మనిషిని చూడలేదన్నాడు డాక్టరు. నాకు షేక్‌హ్యాండిచ్చి మరీ మెచ్చుకున్నాడు.”

“మీకా?”

“కొడుకుని కదా.”

“పుండ్లు పడకుండా ఏం చేసేవారు?”

“ఏం చేసేదానివే?”

“రెండు గంటలకోసారి పక్కకి తిప్పేదాన్ని.”

“రాత్రిళ్ళు కూడానా అమ్మా?”

“రాత్రయిందని వీపుకి తెలియదు కదా మేడమ్.”

“రాయండి మేడమ్. రాత్రనక పగలనక. ఇప్పుడు ఏ గ్రేడులో ఉంది?”

“రెండోదాంట్లోకి వచ్చింది.”

“ఇంకా ఉంది. ఆఖరి మూడేళ్ళు ముక్కులో గొట్టం. పాలు, గంజి అన్నీ అందులోంచే. అది కూడా ఈవిడే. నాకైతే ఆ గొట్టం చూస్తే కళ్ళు తిరిగేవి.”

“మూత్రం సంచి?”

“ఈవిడే. షుగరు సూది కూడా. రోజుకి రెండుసార్లు. ఆ టైముకి నేను పక్కింటికి వెళ్ళి కూర్చునేవాణ్ణి.”

“అది కూడా వేయనా?”

“వేయండి. ఇవతలివాళ్ళు పారిపోతుంటే ఈవిడ ఎంత ధైర్యంగా చేసిందో తెలియాలి కదా.”

“ఏమండీ, అంత అక్కర్లేదేమో.”

“నువ్వూరుకో. నీ గురించి చెప్పుకోవడం నీకు చేతకాదు. అందుకే పదకొండేళ్ళ అనుభవం పెట్టుకుని గడి ఖాళీగా వదిలేశావు.”

“పొరపాటైంది.”

“మీ అమ్మగారి తీరెలా ఉండేది సార్? కోపం, అరుపులు? అలాంటివాళ్ళని సముదాయించిన అనుభవానికి మేం విలువిస్తాం.”

“అబ్బో, మా అమ్మ సంగతి మీకు తెలియదు. గిన్నె తీసి మొహాన కొట్టేది. ఎడంచెయ్యి ఒక్కటే పనిచేసేది, కానీ గురి తప్పేది కాదు. ఏమే, ఆ కనుబొమ్మ దగ్గరది చూపించు మేడమ్‌కి.”

“అక్కర్లేదండీ.”

“చూపించవే. గ్రేడు పెరుగుతుంది.”

“ఇదిగో మేడమ్. మూడు కుట్లు. కొట్టి, సాయంత్రం దాకా ఆవిడే ఏడ్చింది. నా చెయ్యి వదల్లేదు.”

“రాశాను. రోజుకెన్ని గంటలు సార్?”

“ఎనిమిది అనుకోండి.”

“మొదటి గ్రేడుకి పన్నెండైనా ఉండాలి.”

“ఇరవైనాలుగు వేయండి.”

“ఎనిమిదికి, ఇరవైనాలుగుకి మధ్యలో ఏమీ లేదా? ఇది మా ఆఫీసు ముద్రతో ఉండే కాగితం సార్. అబద్ధమని తేలితే కేసు మీ మీదే.”

“మా అమ్మ మీద ఒట్టు మేడమ్. ఆ గదిలోనే, మంచం పక్కన నేల మీద చాపేసుకుని పడుకునేది. పిలుపు వినపడగానే లేచేది. ఒక్కోసారి పిలవకముందే లేచేది.”

“మీరెక్కడ పడుకునేవారు?”

“పై గదిలో. నాకు పొద్దున్నే షాపు కదా. నిద్ర సరిపోకపోతే మనిషి పనిచేయలేడు.”

“నిజమే. మనిషి పనిచేయలేడు. సెలవులు?”

“లేవు.”

“ఆపరేషనప్పుడు తొమ్మిది రోజులు?”

“అది సెలవు కిందకొస్తుందా? పదో రోజునే ఇంటికొచ్చేసింది. కుట్లు విప్పకముందే.”

“మీరు రమ్మన్నారా?”

“ఆ అమ్మాయికి రోజుకింత ఇవ్వాలి మేడమ్. బస్సు ఖర్చులు, టీ, టిఫిను, అన్నీ పైన. ఎన్నాళ్ళు భరిస్తాం?”

“ఈవిడ గత జీతం ఎంతని వేయమంటారు?”

“జీతమేంటండీ, ఇంటి మనిషి. తిండి, బట్ట, నీడ అన్నీ నావే కదా. ఆ అమ్మాయంటే బీదపిల్ల.”

“ఈవిడ బీద కాదా?”

“మా ఆవిడకి బీదరికమేంటి? సొంతిల్లుంది.”

“ఎవరి పేరు మీద?”

“నా పేరు మీద. వచ్చేవారం నుంచి.”

“అలాగా. గత జీతం, సున్నా. జీతం వేయడానికి బ్యాంకు ఖాతా నంబరు చెప్పండి.”

“నాది రాసుకోండి. చెప్తున్నా...”

“డ్యూటీకి మీరొస్తారా సార్?”

“నేనెందుకొస్తాను?”

“మరి ఖాతా మీదెందుకు?”

“నా ఖాతా నంబరు దరఖాస్తు వెనక రాశాను మేడమ్.”

“నీకు ఖాతా ఎక్కడిదే? ఎప్పుడు తెరిచావు?”

“ఖాళీగా ఉన్నప్పుడు.”

“నాతో ఒక్క మాట చెప్పలేదే.”

“మీరు మాట్లాడొద్దన్నారు కదండీ.”

“అది ఇవాళ అన్నాను.”

“ఇవాళేం కొత్తగా అనలేదులెండి.”

“సార్, మీ ఇంటి మాటలు ఇంట్లో చూసుకోండి. ఇంకొక్క ప్రశ్న మిగిలింది. మీ అమ్మగారిని చూసుకోవడంలో ఇంకెవరి చెయ్యైనా ఉందా? మీరుగానీ, తోడబుట్టినవాళ్ళుగానీ? వంతులేసుకుని చేస్తే అనుభవంలో సగమే లెక్కిస్తాం. రెండో గ్రేడుతో సరిపెట్టుకోవాలి.”

“చెల్లెలుంది. ఏడాదికోసారి వచ్చి, రెండు పండ్లు మంచం పక్కన పెట్టి, సాయంత్రం బస్సుకి వెళ్ళిపోయేది. అదీ వంతు కిందకొస్తుందా?”

“రాదు. మరి మీరు?”

“నేనా?”

“మీరే సార్. కన్నకొడుకు కదా.”

“అప్పుడప్పుడూ నీళ్ళందించి ఉంటాను.”

“అందించారా? అయితే సహాయకుడు అని వేయాలి. గ్రేడు...”

“ఆగండి, ఆగండి. అందించలేదు. ఏమే, ఎప్పుడైనా అందించానా?”

“నన్నడుగుతారేంటండీ. మీకే తెలియాలి.”

“చెప్పవే. అందించానా, లేదా?”

“నేను చూడగా లేదు.”

“విన్నారుగా మేడమ్. అందించలేదు.”

“ఇలా కాదు సార్. కింద మీ సంతకం ఉంటుంది. ఒక్క మాటలో తేల్చి చెప్పండి.”

“అయితే నేను చెప్పింది చెప్పినట్టు కొట్టండి. మా అమ్మని మంచాన పడ్డ మొదటిరోజు నుంచి కడదాకా చూసుకున్నది నా భార్య ఒక్కతే. నేనుగానీ, నా చెల్లెలుగానీ ఒక్కరోజు కూడా చూసుకోలేదు. ఇందులో మా ప్రమేయం ఏమీ లేదు. చాలా?”

“చాలు సార్. బ్రహ్మాండంగా ఉంది. మొదటి గ్రేడు.”

“చూశావుటే? నేను మాట్లాడతానంటే గింజుకున్నావు.”

“లేదండీ. సరే అన్నాను.”

“నువ్వే వచ్చుంటే మూడో గ్రేడు పట్టుకుని ఇంటికొచ్చేదానివి.”

“నిజమేనండీ. నేను చెప్తే ఎవరూ నమ్మేవారు కాదు. మీరు చెప్పాలి.”

“ఇప్పటికైనా తెలిసింది.”

“సార్, ఒకసారి మొత్తం చదువుకుని ఇక్కడ సంతకం పెట్టండి. కింద తేదీ కూడా.”

“చదివేదేముంది, నేను చెప్పిందేగా. ఇదిగో.”

“సాక్షిగా నేను పెడుతున్నా. ముద్ర కూడా వేశాను. అమ్మా, అసలుది మీకు. నకలు మా ఫైల్లో ఉంటుంది. సోమవారం పొద్దున ఎనిమిదింటికి రండి.”

“వస్తాను మేడమ్. ఇంకొక చిన్న సాయం. దీన్ని ఇంకో రెండు కాపీలు తీసిస్తారా?”

“దానికేముంది, తీసిస్తాను.”

“ఎందుకే కాపీలు? ఫ్రేము కట్టించుకుంటావా? పద, మూడున్నరవుతోంది.”

“ఒకటి మీ చెల్లెలికి పంపాలండీ.”

“దానికెందుకు?”

“మీరే చూసుకున్నారని సంతకం పెట్టింది కదా, పాపం. సరిదిద్దుకుంటుంది.”

“ఏమే... ఏంటి నువ్వనేది?”

“రెండోది నాలుగింటికి వచ్చేవాళ్ళకి. ఇల్లెవరిదని అడిగితే చూపించాలిగా.”